అడిగే పాట, అడగని పాట

హైదరాబాద్ మెట్రోలో ఎరుపు దారి, నీలం దారి కలిసేది అమీర్‌పేటలో. కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు, పైన రైళ్లు. ఇక్కడ ఎర్ర దారి రైలెక్కి పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి ఐదో స్టేషన్ అసెంబ్లీలో దిగితే రవీంద్రభారతి నడక దూరం. లాల్ బహదూర్ స్టేడియం కూడా అక్కడే. అలాకాక నీలం దారిలో సికింద్రాబాద్ వైపు ఐదు స్టేషన్లు వెళ్తే పరేడ్ గ్రౌండ్. తెలుగు పాటకు సంబంధించిన రికార్డులు కొన్ని ఈ ఐదో స్టేషన్ల దగ్గరే ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ పోతే ఊరు దాటి, దేశం దాటి, మళ్లీ పంజాగుట్ట చౌరస్తాకే వచ్చి ఆగాల్సి వచ్చింది.

ముందుగా అసలు సంగతి. సినీ సంగీత విభావరిలో సీనియర్ గాయకుడు మైకు అందుకోగానే ముందు వరుసల్లోంచి చీటీలు బయల్దేరతాయి. వాటిలో ఏ పాటలు ఉంటాయో విప్పకుండానే ఆయన చెప్పగలడు. ముప్పై ఏళ్లుగా అవే పాటలు మరి. ఆయన జేబులోనూ ఒక చీటీ ఉంటుంది. ఎప్పుడో పాడి, జనం మరిచిపోయినా తాను మరవలేని పాట అందులో ఉంటుంది. సభ చీటీకి, జేబు చీటీకి మధ్య పంచాయితీ తీర్చడమే పెద్ద గాయకుల అసలు విద్య. ఆ విద్య చుట్టూ పోగైన వింతలూ లెక్కలూ ఇవి.

708 సాయంత్రాలు

పి. సుశీల పేరిట గిన్నిస్ వాళ్లు 2016లో నమోదు చేసిన పాటల సంఖ్య 17,695. 1935లో విజయనగరంలో పుట్టిన ఆమె ఆరుకు పైగా భారతీయ భాషల్లో పాడిన సోలోలు, యుగళగీతాలు, బృందగానాలు అన్నీ కలిపి వేసిన లెక్క అది.

ఇప్పుడు కచేరీ లెక్క వేద్దాం. ఒక సాయంత్రానికి పాతిక పాటలు అనుకుంటే, పాడిన పాట మళ్లీ పాడకుండా మొత్తం వినిపించడానికి 708 సాయంత్రాలు పడుతుంది. ఒక్క రోజు కూడా సెలవు లేకుండా పాడినా రెండేళ్లకు మూడు వారాలే తక్కువ. కానీ చీటీల్లో తిరిగేవి మహా అయితే ఒక వంద. మిగిలిన పదిహేడు వేల పైచిలుకు పాటలకూ వేదికపై చోటు దొరకాలంటే ఆ వందలో ఏదో ఒకటి జరిగి కూర్చోవాలి.

ఒక్క రోజులో ఒక విభావరి

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబర్ 15న. సినిమా ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఆ రోజు మొదలై 2020 దాకా ఆయన పాడినవి 40 వేలకు పైగానే అంటారు. పాతిక చొప్పున లెక్కేస్తే 1,600 సాయంత్రాలు, అంటే నాలుగేళ్లు దాటిపోతాయి.

ఆయన గురించి అందరూ చెప్పుకునే ఇంకో లెక్క ఉంది. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో కన్నడ సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్ దగ్గర ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది లోపల 21 పాటలు పాడారని. ఇరవై ఒకటంటే దాదాపు ఒక విభావరికి సరిపడా పాటలు. విభావరిలో పాడేవి గాయకుడికి కంఠోపాఠం, ఆ రోజు పాడినవి అప్పుడే చేతికొచ్చిన కొత్త కాగితాలు. తేడా అంతే, కానీ తక్కువ తేడా కాదు.

ఆయన కచేరీలు చూసినవాళ్లకు ఒక కిటుకు గుర్తుండే ఉంటుంది. పాట ఎత్తుకునే ముందు కవి ఎవరు, స్వరకర్త ఎవరు, రికార్డింగ్ రోజు ఏమైంది అని ఆయన కబుర్లు చెప్పేవారు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లోనూ అదే పద్ధతి. తెలియని పాటకు ముందు ఒక కథ చెప్తే, పల్లవి వచ్చే వేళకు ఆ పాట సభకు సగం తెలిసిపోయి ఉంటుంది.

హిట్లు పాడొద్దంటే

చీటీలన్నీ ఒకవైపు, పాడకూడదన్న మాట ఒకవైపు వచ్చిపడిన సందర్భం 2017 మార్చిలో ఎదురైంది. ‘ఎస్పీబీ 50’ పేరుతో విదేశాల్లో కచేరీలు సాగుతుండగా, అనుమతి లేకుండా తన బాణీలు పాడరాదంటూ ఇళయరాజా తరఫు నుంచి బాలుకు, ఆయన బృందానికి లీగల్ నోటీసు అందింది. ఆ పాటలు ఇక పాడబోమని బాలు ఫేస్‌బుక్‌లో ప్రకటించి, మిగతా సంగీత దర్శకుల పాటలతో యాత్ర కొనసాగించారు.

తెలుగువాళ్ల విభావరిలోంచి ఇళయరాజాను తీసేస్తే ఎన్ని పాటలు పోతాయో ఊహించుకోవచ్చు. వేరే గాయకుడైతే కచేరీలే మానుకునేవాడేమో. చక్రవర్తి, రమేష్ నాయుడు, సత్యం, కె.వి. మహదేవన్, ఎం.ఎస్. విశ్వనాథన్, కీరవాణి... ఇలా ఇంకెందరి పాటలో మిగిలి ఉండటం బాలుకు ఉన్న ఆస్తి. 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కడంతో కథ సుఖాంతమైంది.

6,500 కచేరీలు, గుప్పెడు సొంత పాటలు

వేల పాటలున్నవాళ్ల కష్టం ఒకటైతే, గుప్పెడు పాటలున్నవాళ్ల కష్టం ఇంకొకటి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన జి. ఆనంద్‌కు ‘అమెరికా అమ్మాయి’ (1976) లోని వేణువు పాట పేరు తెచ్చింది. ‘కల్పన’, ‘చక్రధారి’ పాటలూ ఉన్నాయి. సినిమాల్లో అవకాశాలు పలచబడ్డాక ఆయన ‘స్వరమాధురి’ బృందం పెట్టి దేశవిదేశాల్లో 6,500కు పైగా కచేరీలు చేశారని పత్రికలు రాశాయి. 2021 మే 6న కరోనాతో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆనంద్ కచేరీ అంటే వేణువు పాట ఉండి తీరాల్సిందే. అది ఎప్పుడొస్తుందా అని కూర్చున్న సభకు ఘంటసాల పాటా, సుశీల పాటా, అందరూ మరిచిన ఇంకో పాటా వినిపించేయొచ్చు. ఒక్క హిట్ ఉన్న గాయకుడికి ఉన్న సౌకర్యం ఇదే. దాన్ని ఎంత వెనక్కి జరిపితే అంత జాగా.

చరిత్రలో ముందు, చీటీలో లేదు

అమీర్‌పేటలోనే ఒక తొలి రికార్డు ఉంది. ఎల్లారెడ్డిగూడ దారిలో ఉన్న సారథి స్టూడియోస్ హైదరాబాద్‌లో వెలిసిన తొలి సినిమా స్టూడియో. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) రూపుదిద్దుకున్నది అక్కడే. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు రోజూ ఆ గేటు ముందు నుంచే నడుస్తారు.

నేను చూసిన విభావరుల్లో ఆ సినిమా పాట కావాలంటూ వచ్చిన చీటీ ఒక్కటీ లేదు. చరిత్ర పుస్తకంలో మొదటి పేజీ దొరికినంత మాత్రాన చీటీలో చోటు దొరకదు. పాటల లోకంలో జ్ఞాపకం వేరే దారిన నడుస్తుంది. పెళ్లిళ్ల మైకులు, పొద్దుటి రేడియో, నాన్న బండి తుడుస్తూ తీసిన కూనిరాగం, ఇవీ దాని దారులు.

వన్స్‌మోర్ పుట్టిల్లు

ఒకే పాటను వెంటవెంటనే రెండోసారి అడిగి పాడించుకోవడంలో తెలుగువాళ్లను మించినవాళ్లు తక్కువ. ఆ అలవాటు సినిమాది కాదు, పద్యనాటకానిది. కృష్ణుడు రాయబారంలో రాగం తీస్తుంటే కౌరవ సభ ఆగిపోవాలి, ‘వన్స్‌మోర్’ అని కేక పడితే పద్యం మళ్లీ మొదలవ్వాలి. నోట్లో వేలు పెట్టుకుని ఈలతోనే పద్యం పలికించిన కల్యాణం రఘురామయ్యకు ‘ఈలపాట’ ఇంటిపేరైపోయింది. 1975లో పద్మశ్రీ వచ్చినప్పుడూ ఆయన ఈలపాట రఘురామయ్యే.

ఇందులో ఒక గొప్ప వింత హరిశ్చంద్ర నాటకానిది. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. కాటి సీనులో జనం పదే పదే వన్స్‌మోర్ కొట్టే పద్యాలు మాత్రం గుర్రం జాషువావి. శ్మశానం మీద ఆయన విడిగా రాసుకున్న ఖండిక అది. ఎవరో నటులు జేబు చీటీలోంచి తీసి వేదిక మీద పెట్టారు. ఇవాళ అవి లేకుండా హరిశ్చంద్ర ఆడితే కుర్చీలు లేస్తాయి. నాటకంలో లేని పద్యమే ఆ నాటకానికి హిట్టయింది.

లాల్ బహదూర్ స్టేడియం, 1970

1970 ఫిబ్రవరి 1న ఇక్కడ ఘంటసాల సినీ సంగీత రజతోత్సవం వేలాది జనం మధ్య జరిగింది. కృష్ణా జిల్లా వాడైన ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదివి, మద్రాసులో పాడి, హైదరాబాద్ స్టేడియంలో సన్మానం అందుకున్నారు. ఆ మరుసటేడు యూరప్, అమెరికాల్లో పర్యటించారు. తెలుగు గాయకుడు సముద్రం దాటి తెలుగువాళ్ల కోసం పాడటం అప్పటికి మామూలు విషయం కాదు. సొంత ఊరి పాట వినక ఏళ్లయినవాళ్ల ముందు అపురూపమైన పాట, అందరికీ తెలిసిన పాట అన్న తేడా ఉండదు. అక్కడ పాతదే అపురూపం.

సరిహద్దు దాటితే హిట్ మారుతుంది

అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంలో పుట్టిన ఎస్. జానకికి ఉత్తమ గాయనిగా నాలుగు జాతీయ పురస్కారాలు వచ్చాయి. రెండు తమిళ పాటలకు, ఒకటి మలయాళ పాటకు, ఒక్కటే తెలుగుకు. ఆ తెలుగు పాట ‘సితార’ (1984) లోది.

అంటే ఒకే గాయనికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం చీటీ. చెన్నైలో మోత మోగించే పాట పంజాగుట్టలో ఎవరికీ తెలియదు. రవీంద్రభారతిలో ఈలలు వేయించేది కొచ్చిలో అరుదైన పాట. వేదికల నుంచి విరమిస్తూ ఆమె 2017 అక్టోబర్ 28న చివరి కచేరీ చేసింది మైసూరులో. తెలుగునాట పుట్టిన గొంతు వీడ్కోలు కన్నడ సభకు దక్కింది.

కొమ్మలో కోయిల, మూడు స్వరాల రాగం

వాద్యకారులదీ ఇదే కథ. కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబు (1936–1996) త్యాగరాజ కృతులు ఎంత వాయించినా, ‘కొమ్మలో కోయిల’ వాయించకపోతే సభ ఇంటికి పోయేది కాదు. వీణ తంత్రి మీద కోయిల కూతను పలికించిన ఆ రచన ఆయన సొంతం. సొంత సృష్టే తన మీద పెత్తనం చేయడమంటే ఇదే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఇంకో దారి తొక్కారు. సభకు తెలియని పాట ఇవ్వడం కాదు, తెలియని రాగమే ఇచ్చారు. కౌమారం దాటకముందే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి ఆయన. లవంగి, మహతి లాంటి నాలుగు స్వరాల రాగాలు, సర్వశ్రీ లాంటి మూడు స్వరాల రాగాలు సృష్టించారు. ఈ రాగాల విషయంలో వీణ ఎస్. బాలచందర్ లాంటి వారు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ వాదం వల్ల ఒక మేలు జరిగింది. ఆ రాగాలు ఏవో విందామని జనం వచ్చారు.

భద్రాచల రామదాసు కీర్తనలను, తత్వాలను విజయవాడ రేడియో ద్వారా ఇంటింటికీ చేర్చిందీ ఆయనే. ఆ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగినవాళ్లకు అవి పుట్టుకతో వచ్చిన పాటలనిపిస్తాయి. నిజానికి అవి ఆయన జేబు చీటీలోవి.

ఏటా అవే ఐదు

అసలు మార్పే లేని కచేరీ జాబితా ఎక్కడైనా ఉందా అంటే తిరువయ్యారులో ఉంది. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ సమాధి దగ్గర విద్వాంసులంతా కూర్చుని పాడేవి ఘనరాగ పంచరత్నాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఏటా అవే, అదే వరసలో. మన ఊళ్లో కాలనీ గుడుల్లో జరిగే ఆరాధనల్లోనూ అంతే. త్యాగరాజువి మనకు మిగిలినవి దాదాపు 700 కృతులు. అందులో ఐదింటికే ఈ యోగం. అయినా విసుగు రాదు, ఎందుకంటే అక్కడ వినేవాళ్లు లేరు, అందరూ పాడేవాళ్లే. పాడేవాడికి పాట పాతబడదు, వినేవాడికే పాతబడుతుంది.

అవతలి వాళ్ల రికార్డులు

ఈ పంచాయితీ ప్రపంచమంతా ఉంది. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సభలో జనం అట్టముక్కల మీద పాట పేరు రాసి ఎత్తి పట్టుకుంటారు. మన చీటీకి పెద్దన్న అన్నమాట. సభ చీటీ, జేబు చీటీ రెండూ సరిపెట్టడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం సమయాన్నే సాగదీయడం. 2012 జూలై 31న హెల్సింకీలో 4 గంటల 6 నిమిషాలు పాడారు. ఆయన కచేరీల్లో అదే అతి పొడుగు.

బాబ్ డిలన్ దారి వేరు. 1988 జూన్‌లో మొదలుపెట్టిన ఆయన యాత్రలో కచేరీలు మూడు వేలు దాటాయి. పాత పాట పాడినా బాణీ మార్చేస్తారు, పల్లవి వచ్చేదాకా అది ఏ పాటో సభకు అంతుపట్టదు. ఫిష్ అనే అమెరికన్ బృందం 2017లో న్యూయార్క్‌లో ఒకే వేదికపై 13 రాత్రులు వాయించి, ఒక్క పాటా రెండోసారి ముట్టుకోలేదు. సుశీల 708 సాయంత్రాల లెక్క ముందు అదెంత అనిపించినా, చేసి చూపించింది మాత్రం వాళ్లే.

అసలు పోటీ ఎవరితో

పేరున్న గాయకులకు హిట్ పాటే ఎందుకు భయం పుట్టిస్తుందో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. వయసుతో శ్రుతి దిగుతుంది. ఆర్కెస్ట్రా వాళ్లు ఒక మెట్టు, రెండు మెట్లు తగ్గించి వాయిస్తారు. కానీ సభ చెవుల్లో ఉన్నది పాతికేళ్ల గొంతుతో పాడిన రికార్డు. డెబ్బై ఏళ్ల గాయకుడు ప్రతి హిట్ పాటలోనూ పాతికేళ్ల తనతోనే పందెం కట్టాలి. ఆ పందెంలో గెలిచేది ఎప్పుడూ కుర్రాడే.

అరుదైన పాటకు ఆ బాధ లేదు. పోల్చుకోవడానికి జ్ఞాపకం లేనప్పుడు సభ ఇప్పటి గొంతునే వింటుంది. అందుకే జేబు చీటీ పాట గాయకుడికి ముచ్చటే కాదు, విశ్రాంతి కూడా. చిక్కల్లా దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. మొదట్లో పెడితే జనం కుర్చీల్లో కుదురుకోరు. విరామానికి ముందు పెడితే టీ క్యూలోకి వెళ్లిపోతారు. చివర పెడితే చెప్పుల వెతుకులాటలో పడిపోతుంది. రెండు పెద్ద హిట్ల నడుమ పొదగాలి. మొదటి దాని ఊపు తగ్గకముందే ఎత్తుకుని, ఊపు తగ్గుతుండగా రెండోది అందుకోవాలి. శాస్త్రీయ కచేరీకి అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచిన పద్ధతిలోనూ ఇలాంటి లెక్కే. వర్ణంతో వేడెక్కించి, చిన్న కృతులతో నడిపించి, బరువైనది నడిమధ్యన పెట్టి, తుకడాలతో తేలిక చేసి మంగళం పాడతారు.

ఎక్కువ కాలం అజ్ఞాతం, ఎక్కువ గొంతుల్లో

ఇప్పుడు నీలం దారిలోని ఐదో స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌కు పోదాం. అక్కడి రికార్డు కథ అన్నమయ్యతో మొదలవుతుంది. తాళ్లపాక అన్నమాచార్య (1408–1503) సంకీర్తనలు 32 వేలంటారు. దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. రాగిరేకుల మీదికెక్కి తిరుమల సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు నిద్రపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో బయటికొచ్చేసరికి రాగాల పేర్లు ఉన్నాయి, బాణీలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి ఒక్కొక్కటిగా స్వరం కట్టారు. నేదునూరి దగ్గర నేర్చుకుని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడారు. 2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల కీర్తనలకు బాణీలు ఇచ్చారు. హైదరాబాద్‌లో శోభారాజు 1983లో అన్నమాచార్య భావనా వాహిని పెట్టి అదే పనిగా పాడుతూ, నేర్పుతూ వచ్చారు.

ఫలితం 2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కనిపించింది. సిలికానాంధ్ర ఆధ్వర్యంలో జరిగిన లక్షగళార్చనలో లక్షా 60 వేల మందికి పైగా ఒకేసారి అన్నమయ్య కీర్తనలు ఏడు పాడారు. అది గిన్నిస్‌కెక్కింది. నాలుగు వందల ఏళ్లు ఎవరూ అడగని పాటలు లక్షన్నర గొంతులకు కంఠతా వచ్చేశాయి. ప్రతి హిట్ పాటా ఒకప్పుడు ఎవరికీ తెలియని పాటేనని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆ తెలియని రోజుల్లో దాన్ని ఎవరో ఒకరు పట్టుబట్టి పాడారు, అంతే.

వన్స్‌మోర్ లేని రికార్డు

తిరుగు రైల్లో పంజాగుట్టలో దిగాను. చౌరస్తా నుంచి కొంచెం దూరంలోనే శ్మశానవాటిక. సాయంత్రపు ట్రాఫిక్‌లో పూలదండలు కట్టిన వైకుంఠ రథం ఒకటి ఇరుక్కుపోయింది. దాని మీది స్పీకర్లో ఘంటసాల భగవద్గీత.

ఆరోగ్యం బాగా దెబ్బతిన్న రోజుల్లో ఆయన పాడిపెట్టిన రికార్డు అది. గీతలోని ఏడువందల శ్లోకాల్లోంచి ఏరుకున్నవి, తెలుగు తాత్పర్యంతో. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. వేల సినిమా పాటల ఘంటసాలను ఇవాళ విభావరుల్లో చీటీలు రాసి అడుగుతాం. కానీ తెలుగు వీధుల్లో ఆయన గొంతు రోజూ వినిపించేది మాత్రం ఎవరూ అడగని ఈ పాటతోనే.

బైకుల మీది కుర్రాళ్లు హారన్లు ఆపారు. ఒకాయన హెల్మెట్ తీసి దండం పెట్టాడు. దీనికి చీటీ ఎవరూ రాయరు, వన్స్‌మోర్ అసలే అనరు. అడగకపోయినా వంతు వచ్చినప్పుడు అదే వస్తుంది.